పొరుగావిడ అడగమంది

మురంబిండా దగ్గర, బుహేరా
మార్చి, వానలు వెనకబట్టిన వారం

షువాయీ,

నువ్వు బాగుంటే నేనూ బాగున్నట్టే. నువ్వు బాగోలేవని విన్నాను కాబట్టి నేనూ బాగోలేను.

నిన్న మీ అమ్మ వచ్చింది. పద్ధతి ప్రకారం మోకాళ్ళ మీద కూర్చుని, చప్పట్లు కొట్టి పలకరించి, కాస్త సంకటీ ఆకుకూరా తిని, ఆ తర్వాత నసుగుతూ నసుగుతూ అసలు ముక్క బయటపెట్టింది. నువ్వు ప్రతి గురువారం ఎవరో ఆవిడ దగ్గరికి వెళ్తున్నావట. ఆవిడ ఎదురుగా కుర్చీలో కూర్చుని, ఇంటి సంగతులన్నీ చెప్పి, ఏడ్చి వస్తున్నావట. దానికి మాటల వైద్యం అని పేరట.

నేను చచ్చాననుకున్నావా? మేనత్త అనేది ఎందుకుంది? నువ్వు పెద్దమనిషివైనప్పుడు ఎవరి దగ్గరికి పంపారు? ఆ టైలరు కుర్రాడితో చెడినప్పుడు ఎవరి గుమ్మంలో పడి ఏడ్చావు? మన వంశంలో ఆడపిల్ల కడుపులో మాట మేనత్త చెవిలో పడాలి, అక్కడే ఉండిపోవాలి. అంతగా ఏడుపు వస్తే బస్సెక్కి రా. కడుపు నిండా తిట్లు తిని వెళ్దువుగాని.

ఇంకో సంగతి. చిమోంబే తాత మంచం పట్టాడు. ముటారేలో కొడుకింట్లోనే ఉన్నాడు, నీకు తెలిసే ఉంటుంది. మనం వాళ్ళకి సహ్వీరాలం. ఇది నా నోటి మాట కాదు, తాతల నాటి నేస్తం. వాళ్ళింట్లో ఎవరు పోయినా, పోయినవాళ్ళ బట్టలు తొడుక్కుని, వాళ్ళలా నడిచి, వాళ్ళలా మాట్లాడి, ఏడ్చేవాళ్ళని నవ్వించాల్సింది మనమే. మీ నాన్న చేస్తుంటే శవం కూడా నవ్వేదేమో అనిపించేది. ఇప్పుడు ఆయనకి పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. పెద్దదానివి, వంతు నీది.

కానీ కోడిని కోస్తే ఏడ్చేదానివి, పక్కవాణ్ణి కసిరితే నీ కళ్ళలో నీళ్ళు తిరిగేవి. నవ్వించాల్సినవాళ్ళే ఏడిస్తే ఇక ఆ ఇంటికి దిక్కెవరు? అందుకని విను. ఆ కుర్చీ ఆవిడని మానెయ్. మనసు రాయి చేసుకో. నీ వల్ల కాదంటే ఆ పని మీ చిన్నాన్న కొడుకు వెల్లింగ్టన్‌కి ఇస్తాను. ఇంటి ఆడపడుచుని, ఈ విషయంలో మాట నాదే.

ఫోన్ చేయకు. ఆ మోత నాకు పడదు. ఉత్తరం రాసి బస్సు కండక్టరు చేతికివ్వు.

మీ అత్త,
ఎస్నాత్


సకుబ్వా, ముటారే
మార్చి నెలాఖరు

అత్తయ్యకు,

చప్పట్లతో నమస్కారం. మీకు ఉత్తరం రాసేటప్పుడు కూడా చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని రాయడం నాకు అలవాటు. ఈ ఉత్తరం మాత్రం బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. ఎందుకంటే ఇందులో మీ మాట కాదంటున్నాను.

నేను మానను.

మా కుట్టు షెడ్డు మీరు చూడలేదు. బడి యూనిఫారాలు కుట్టే కాలంలో మిషన్లన్నీ ఒక్కసారే మొదలవుతాయి. అందరికీ అది చప్పుడు. నాకు అది పళ్ళలోంచి, పక్కటెముకల్లోంచి దూరిపోతుంది. జనవరిలో సూపర్‌వైజరు నా పక్క పిల్లని తిట్టాడు. నన్ను కాదు, నా పక్క పిల్లని. ఆ పిల్ల తుడుచుకుని కుట్టుకుంది. నేను కింద పడిపోయాను. క్లినిక్కులో నర్సు నాడి చూసి, ఒంట్లో జబ్బేమీ లేదని చెప్పి, ముచేనా అమ్మగారి దగ్గరికి పంపింది.

ఆవిడ గదిలో రెండు కుర్చీలు, ఒక కిటికీ, బయట ఒక అవకాడో చెట్టు ఉన్నాయి, అంతే. అక్కడ నేను మొదటి రోజు ఏడ్చిన మాట నిజమే. ఆవిడ "ఏడవకు" అనలేదు. నాకు ముప్పై రెండేళ్ళు వచ్చాయి అత్తయ్యా, ఏడుస్తుంటే "ఏడవకు" అనని మనిషిని అప్పుడే చూశాను. "ఇప్పుడు ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది?" అని అడిగింది. గొంతు కింద అన్నాను. అయితే అక్కడ చెయ్యి పెట్టుకుని కాసేపు ఉండమంది.

కొంతమంది పుట్టడమే పలచని చర్మంతో పుడతారట. వెలుతురు, మోత, ఎదుటివాళ్ళ బాధ, అన్నీ వాళ్ళకి ఎక్కువగా తగులుతాయట. అది జబ్బు కాదట, దయ్యమూ కాదు, బద్ధకమూ కాదు. దాన్ని చంపుకోవడానికి కాదు, దానితో బతకడం నేర్చుకోవడానికి రమ్మంది. నా చిన్నప్పుడు మీరంతా నాకు చేసిన వైద్యం గుర్తుందా? ఏడ్చినప్పుడల్లా మొహాన చన్నీళ్ళు కొట్టేవారు. నా తోలు మందమవలేదు అత్తయ్యా, జలుబు మాత్రం చేసేది.

మీకు చెప్పుకోకుండా ఆవిడకెందుకు చెప్పుకుంటున్నానో కూడా చెప్తాను. నేను సగం చెప్పేసరికి మీ తీర్పు వచ్చేస్తుంది. మీ తిట్లంటే నాకు ఇష్టమే. కానీ తీర్పుకి ముందు ఎవరైనా మొత్తం వింటే బాగుంటుందని నాకు ఎప్పటినుంచో ఆశ.

ఇక చిమోంబే తాత సంగతి. ఆయన సహ్వీరాని నేనే. రాయినయ్యాక కాదు, ఇలాగే ఉండి చేస్తాను. చిన్నప్పుడు మన రెండిళ్ళవాళ్ళూ కలిస్తే ఆయన నా పెద్ద చెవుల్ని వెక్కిరించేవాడు, నా వంకర నడకని వెక్కిరించేవాడు, అదే కదా నేస్తం హక్కు. నా ఏడుపుని మాత్రం ఒక్కసారి కూడా వెక్కిరించలేదు. ఆయన్ని వెల్లింగ్టన్ చేతిలో పెట్టడానికి నేను ఒప్పుకోను.

మీ మేనకోడలు,
షువాయి


మురంబిండా దగ్గర, బుహేరా
ఏప్రిల్, జొన్నలు విరుస్తున్నాం

ఏమే షువాయీ,

కుర్చీలో కూర్చుని రాశావా! పైగా ఆ మాట నాకే రాస్తావా! చదివి కాసేపు నాకు నోట మాట రాలేదు. నాకు నోట మాట రాకపోవడం ఈ ఊళ్ళో ఎవరూ చూడలేదు, నా కోడలు భయపడి మంచినీళ్ళు తెచ్చింది.

"ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది" అని అడుగుతుందా మీ ఆవిడ? మా మేకల డాక్టరు కూడా అదే అడుగుతాడు. మేకలు వాడికి చెప్పవు, అందుకే వాటికి కాస్త మర్యాద మిగిలింది.

చన్నీళ్ళ సంగతి తవ్వి తీశావు. మేం నీ మంచికే చేశాం. ఈ లోకం పలచని చర్మం చూసి జాలిపడదు పిల్లా, ముల్లు తెచ్చి గుచ్చి చూస్తుంది. నాకు తెలుసు. ఎలా తెలుసని అడగకు.

వెల్లింగ్టన్ వచ్చి వెళ్ళాడు. చిమోంబే తాతలా దగ్గి చూపించాడు. వాడి గోలకి మా కోళ్ళు ఇంకా అటక దిగలేదు. వాడు రేపు పదిమందిలో బెదరడు, కళ్ళనీళ్ళు పెట్టుకోడు, అది మాత్రం ఒప్పుకోవాలి. సహ్వీరాకి కావాల్సింది అదే. నా మాట మారలేదు.

ఈ ఉత్తరం ఇక్కడితో ఆపుదామనుకున్నాను. కానీ ఒక చిన్న పని. నా పొరుగున ఒకావిడ ఉంది. పేరు నీకనవసరం. పాపం, పెద్దావిడ. చర్చిలో డప్పులు మొదలవగానే ఆవిడకి గుండె దడ. మేకల్ని చూసే వంకతో బయటికొచ్చి కూర్చుంటుంది. కోడలు గిన్నె కాస్త గట్టిగా పెడితే ఆ పూట ముద్ద దిగదు. ఎవరైనా విసుక్కుంటే ఆ మాట పక్కలోకి కూడా వస్తుంది. పైకి మాత్రం గయ్యాళి అని పేరు, ఎందుకంటే ముందే కసిరితే ఎదుటివాళ్ళు కసరరని ఆవిడ లెక్క. ఇంత వయసొచ్చాక అలాంటివాళ్ళు ఏం చేయాలో మీ కుర్చీ ఆవిడని అడిగి రాయి.

నాకేం సంబంధం లేదు. పొరుగావిడ అడగమంది.

వేరుశనగ ముద్ద డబ్బా పంపుతున్నాను. కండక్టరు సగం తినకుండా మూత మీద నా పేరు రాశాను.

ఎస్నాత్


సకుబ్వా, ముటారే
మే

అత్తయ్యకు,

డబ్బా నిండుగానే చేరింది. మీ పేరు చూస్తే దొంగలు కూడా జడుస్తారు.

ముందు పొరుగావిడ సంగతి. ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి. ముచేనా అమ్మగారిని అడిగాను. చూడని మనిషికి వైద్యం చెప్పలేనంది కానీ, ఆవిడని ఒక మాట అడగమంది. డప్పులు మొదలైనప్పుడు గుండె దడ వచ్చాక బయటికి వెళ్తుందా, రాకముందే వెళ్తుందా? వచ్చాక వెళ్తే ఆ రోజంతా పాడవుతుందట. రాకముందే లేస్తే మళ్ళీ లోపలికి వచ్చి పాట కూడా పాడొచ్చట. ఇంకోటి, మేకల వంక అక్కర్లేదట. "నాకు ఈ మోత పడదు, కాసేపు బయట కూర్చుంటా" అని చెప్పి లేవమంది. చెప్పి చూస్తే ఆకాశం ఊడి పడదని నేను హామీ. నేను షెడ్డులో చెప్పాను. సూపర్‌వైజరు నవ్వాడు. నేను దూది పెట్టుకుని కిటికీ పక్క మిషను అడిగి తీసుకున్నాను. నవ్వితే నవ్వాడు, మిషను మాత్రం నాదే.

ముచేనా అమ్మగారు దేవత అనుకుంటున్నానని మీరు అపార్థం చేసుకోవద్దు, ఆవిడతోనూ పోట్లాడాను. చిమోంబే తాత సంగతి చెప్తే, "ఆ చావు దగ్గర అంత మోత, అంత ఏడుపు, నువ్వు తట్టుకోలేవు. వద్దని చెప్పేయ్, నీకా హక్కు ఉంది" అంది. నాకు ఒళ్ళు మండింది. "మా అత్త నన్ను రాయిని చేసి పంపుతానంటుంది, మీరు గాజుని చేసి అటక మీద దాస్తానంటున్నారు, ఇద్దరికీ దణ్ణం" అన్నాను. ఆవిడ మన వైపు మనిషి కాదు, ఊరి చావులు పెద్దగా చూడలేదు. చివరికి, "నేను తొందరపడ్డాను. వెళ్ళడమా మానడమా అన్నది కాదు, ఎలా వెళ్ళాలన్నది చూద్దాం" అంది. ఇప్పుడు ప్రతి గురువారం మేం చేస్తున్నది అదే. ఎప్పుడు లేవాలి, ఎక్కడ కూర్చోవాలి, ఏడుపొస్తే పాదాలు నేలకి ఆనించి ఎలా నిలబడాలి అని.

ఆదివారాలు తాత దగ్గరికి వెళ్తున్నాను. చూస్తూ కూర్చుంటాను. కళ్ళద్దాలు నుదుటి మీదే పెట్టుకుని ఇల్లంతా వెతికిస్తాడు. ఉప్పు చాల్లేదని తన ముసలావిడ అంబుయాతో గొడవ పెట్టుకుని, ఆవిడ అటు తిరగ్గానే గిన్నె నాకేస్తాడు. ఎవరింటికెళ్ళినా ఆయనకి ఒక అలవాటుండేది, గుర్తుందా? "వెళ్తా మరి" అని లేస్తాడు, గుమ్మం దాకా నడుస్తాడు, ఏదో గుర్తొచ్చిందని వెనక్కొచ్చి కూర్చుంటాడు. మళ్ళీ "వెళ్తా మరి". ఇప్పుడు మంచం మీంచి లేవలేడు కదా, నేను లేస్తుంటే ఆయనే "వెళ్తా మరి" అంటాడు. నవ్వలేక చచ్చాను.

మొన్న అడిగాడు. "నా చావుకి నువ్వేనా వచ్చేది?"

"అత్తయ్య ఒప్పుకోవడం లేదు తాతా. వెల్లింగ్టన్‌ని పంపుతుందట."

"వాడొస్తే నేను పెట్టెలోంచి లేచి వెళ్ళిపోతానని చెప్పు ఎస్నాత్‌కి."

చెప్పమన్నాడు, చెప్పాను.

షువాయి


మురంబిండా దగ్గర, బుహేరా
జూన్, చలి

షువాయీ,

పొరుగావిడ చెప్పి లేచిందట. పాస్టరు పాపం డప్పు కర్ర గాల్లోనే ఆపాడట. బయట కాసేపు కూర్చుని మళ్ళీ లోపలికెళ్ళి పాడిందట. ఆకాశం ఊడి పడలేదట. ఇది ఆవిడ చెప్పమన్న మాట.

ఇక నా మాట. ఇది ఎవరికీ చెప్పలేదు, మీ మామయ్యకి కూడా చెప్పకుండానే ఆయన్ని సాగనంపాను.

మీ నాన్న కంటే నేను పెద్దదాన్ని. చిమోంబే వాళ్ళకి సహ్వీరా ముందు నేను. నాకు ఇరవై ఏళ్ళప్పుడు తాత వాళ్ళమ్మ పోయింది. ఆవిడ తలగుడ్డ కట్టుకుని, ఆవిడలా నడుం మీద చెయ్యేసుకుని, కోడళ్ళని తిట్టుకుంటూ వాకిట్లో తిరిగాను. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. బాగా చేశాను పిల్లా, నాకు చేయడం వచ్చు. ఆవిడ నడిచిన నడకంతా నాకు ఒంట్లో ఉంది. అయితే ఆ తలగుడ్డలో ఆవిడ పొయ్యి పొగ వాసన ఉంది. అది ముక్కుకి తగలగానే ఏడుపొచ్చేసింది. ఆగలేదు.

సహ్వీరా ఏడవదు కదా. కాబట్టి ఏడ్చింది నేను కాదని తేల్చేశారు. ముసలావిడే నాలో దిగిందన్నారు. మంత్రగాణ్ణి పిలిచారు. జుట్టు గొరిగించారు. చేదు నీళ్ళు తాగించి, గుడిసెలో పెట్టి, నేను నవ్వేదాకా తలుపు తీయలేదు. అది నా ఏడుపేనంటే వినే చెవి ఒక్కటి లేదు. చివరికి నవ్వాను. తలుపు తీశారు. పని మీ నాన్నకి వెళ్ళింది. ఆ తర్వాత నా కంట్లో నీళ్ళు చూసినవాళ్ళు లేరు.

నీకు చన్నీళ్ళు కొట్టమన్నది నేనే. నీ జుట్టు గొరగకుండా ఉండాలని కొట్టించాను.

ఇప్పుడు అర్థమైందా? నీ మీద పగతో కాదు వెల్లింగ్టన్ పేరెత్తింది. అక్కడ తాత తమ్ముడు ఇంకా బతికే ఉన్నాడు. ఆ రోజు గొరుగుకత్తి తెచ్చింది వాడే. నిన్ను వాడి ముందు నిలబెట్టడం నా వల్ల కాదు. ఇదే నా తీర్పు. పని వెల్లింగ్టన్‌కి ఇచ్చేశాను, కబురు కూడా పంపాను.

తిట్టుకో. నేను ఏడవను.

ఎస్నాత్


బస్సులో, ముటారే దాటాక
ఆగస్టు

అత్తయ్యా,

తాత పోయాడు. పొద్దున అంబుయా గంజి తెచ్చేసరికి కళ్ళద్దాలు నుదుటి మీదే ఉన్నాయట.

శవాన్ని ఊరికి తెస్తున్నారు. వెనక బస్సులో నేనూ వస్తున్నాను. వెల్లింగ్టన్ ముందు బస్సులో ఉన్నాడు, అద్దంలోంచి చెయ్యూపాడు.

మీ ఉత్తరం చదివి నేను ఏడ్చాను. మీ బదులు కూడా ఏడ్చాను. మీ తీర్పు మాత్రం నేను తీసుకోవడం లేదు. మీ జుట్టు గొరిగారని నేను ఇంట్లో కూర్చుంటే, ఆ కత్తి మన ఇద్దరినీ గొరిగినట్టే.

మీకు మోకాళ్ళ నొప్పులని, రాలేరని మీ కోడలు అమ్మకి చెప్పిందట. మంచిది. డప్పులు ఎక్కువ ఉంటాయి.

ఈ కాగితం మీ మలుపు దగ్గర కండక్టరు దింపుతాడు.

షువాయి


చిమోంబే వాళ్ళ ఊరు
ఆగస్టు, పాతిపెట్టిన మర్నాడు

అత్తయ్యా,

మోకాళ్ళ మీద కూర్చునే రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, వేరేవాళ్ళ నోట ముందే విని ఉంటే అది మర్చిపోండి.

వంట గుడిసెలో తాత పెట్టె, చుట్టూ ఆడవాళ్ళు. డప్పులు మొదలవబోతుండగా నేను లేచాను. "నాకు ఈ మోత పడదు. దొడ్డి దగ్గర కాసేపు కూర్చుని వస్తా" అని అందరికీ వినిపించేలా చెప్పాను. ఎవరో "నగరం పిల్ల" అన్నారు. వెళ్ళి ఆవుల మధ్య కూర్చున్నాను. ఆవులు ఏమీ అనలేదు. గుండె కుదురుగానే ఉంది. మళ్ళీ వచ్చాను. అలాగే రాత్రంతా వెళ్తూ వస్తూ, మధ్యలో నిద్ర కూడా పోయాను.

పొద్దున వాకిట్లోకి వచ్చేసరికి వెల్లింగ్టన్ తాత కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని ఉన్నాడు. తాతలా దగ్గుతున్నాడు. మంచం మీద ఉన్నప్పుడు ఆయన పడ్డ అవస్థ, తువ్వాలు అడగడం, లేవలేకపోవడం, అన్నీ చేసి చూపిస్తున్నాడు. కుర్రాళ్ళు కొందరు నవ్వారు. అంబుయా కొంగు మొహం మీదికి లాక్కుంది. నాన్న తన కుర్చీలోంచి ఏదో అనబోయాడు, మాట రాలేదు. నాకు గొంతు కింద భగ్గుమంది. చెయ్యి అక్కడ పెట్టుకున్నాను. వాడి ముందుకెళ్ళి నిలబడ్డాను.

"టోపీ ఇవ్వు."

"అత్త నాకిచ్చింది."

"అత్త కోపం నేను పడతాను. టోపీ ఇవ్వు."

"ఏడుస్తావే నువ్వు!"

"ఏడుస్తాను. టోపీ ఇవ్వు."

అంబుయా కొంగు తీసి, "ఇచ్చెయ్ రా, పిల్లకి ఇచ్చెయ్" అంది. ఇచ్చాడు. కోటు కూడా విప్పాడు.

టోపీ పెట్టుకుని, కళ్ళద్దాలు నుదుటి మీద పెట్టుకుని, వాకిలంతా వెతకడం మొదలుపెట్టాను. తాత తమ్ముడి జేబులో చెయ్యి పెట్టాను, పాస్టరు టోపీ ఎత్తి చూశాను. "ఉప్పు లేదు ఈ చావులో" అని అంబుయాతో గొడవ పెట్టుకుని, ఆవిడ అటు తిరగ్గానే గరిట నాకాను. అంబుయా నవ్వింది. ఆవిడ నవ్వగానే అందరూ నవ్వారు. నాన్న శబ్దం లేకుండా నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

అప్పుడు "వెళ్తా మరి" అన్నాను. గుమ్మం దాకా నడిచి, వెనక్కొచ్చి ఆయన పీట మీద కూర్చున్నాను. జనం ఘొల్లుమన్నారు. మళ్ళీ "వెళ్తా మరి". మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఇంతలో మగవాళ్ళు పెట్టె ఎత్తారు. నేను "వెళ్తా మరి" అని లేచి, అలవాటుగా పీట వైపు తిరిగాను. కూర్చోలేకపోయాను. ఈసారి ఆయన వెనక్కి రాడు కదా అత్తయ్యా. ఏడుపొచ్చేసింది. చిన్నగా కాదు.

మీరు చెప్పినట్టే అయింది. తాత తమ్ముడు లేచి, "అదిగో అన్న! అన్న ఏడుస్తున్నాడు! పిల్లలో దిగాడు! నీళ్ళు తెండి, గొరుగుకత్తి తెండి!" అని అరిచాడు. చుట్టూ అందరూ నెమ్మదిగా తలలూపారు. వాళ్ళ కళ్ళలో కోపం లేదు, నాకు దారి చూపిస్తున్నారు. నోరు మూసుకుంటే చాలు, సహ్వీరా ఏడ్చిందన్న మాట రాదు. ఏడ్చింది తాతే అయిపోతాడు. నాకు పరువు దక్కుతుంది.

పాదాలు నేలకి ఆనించాను. టోపీ తీశాను.

"దిగలేదు చిన్న తాతా. ఏడుస్తున్నది నేను, షువాయిని. ఈయనంటే నాకు ప్రాణం, అందుకని ఏడుస్తున్నాను. నా ఏడుపు నాది, దాన్ని చచ్చినవాళ్ళ మీదికి నెట్టను. గొరుగుకత్తి కావాలంటే తెప్పించు, నీ గడ్డం గొరుగుతా, మీ అన్న బతికున్నన్నాళ్ళూ అది చూసే భయపడ్డాడు."

అయిపోయింది, ఇక తోసేస్తారు అనుకున్నాను. అప్పుడు వంట గుడిసె వెనకనుంచి ఒకే ఒక్క ఆడమనిషి కేక వేసింది, నాలుక ఆడిస్తూ, మన పెళ్ళిళ్ళలో వేసే కేక. గొంతు బొంగురుపోయి ఉంది, అయినా ఆపలేదు. దాన్ని అంబుయా అందుకుంది. తర్వాత ఆడవాళ్ళంతా అందుకున్నారు. తాత తమ్ముడు గడ్డం పట్టుకుని కూర్చున్నాడు.

నేను ముక్కు చీది, టోపీ మళ్ళీ పెట్టుకుని, "వెళ్తా మరి" అన్నాను. ఈసారి వెనక్కి చూడలేదు. ముందు నేను నడిచాను, నా వెనక పెట్టె వచ్చింది.

మీ మాట మీరాను. చప్పట్లతో చెప్తున్నాను, మళ్ళీ అవసరమైతే మళ్ళీ మీరతాను.

షువాయి

ఆ కేక వేసింది ఎవరో తెలియలేదు. గుడిసె వెనక్కి వెళ్ళి చూసేసరికి ఎవరూ లేరు.


మురంబిండా దగ్గర, బుహేరా
సెప్టెంబరు

షువాయీ తల్లీ,

అంతమందిలో టోపీ లాక్కుంటావా! అదీ నేనిచ్చిన టోపీ! వెల్లింగ్టన్ నా వాకిట్లోకొచ్చి గోల పెట్టాడు. "ఆడపడుచు మాట ఏమైంది" అన్నాడు. "మారింది, ఇంటికి పో, కోళ్ళు భయపడుతున్నాయి" అన్నాను. ఇకమీదట చిమోంబే వాళ్ళింట్లో చావు నీది. నీ తర్వాత ఎవరిదో నువ్వే చెప్పు.

ఆ గడ్డం మాటకి ముసలాడి మొహం మాడిన సంకటిలా అయింది, నా కడుపు చల్లబడింది. అంటే, చూసినవాళ్ళు చెప్పారు. నాకు మోకాళ్ళ నొప్పులు కదా.

గుడిసె వెనక కేక సంగతి నాకేం తెలుసు. పొరుగావిడ అయ్యుంటుంది. చెవుల్లో దూది పెట్టుకుని వచ్చిందట, నువ్వు మాట్లాడుతుంటే వినబడలేదని తీసేసిందట. అప్పటినుంచీ ఆవిడకి కళ్ళనీళ్ళు ఆగడం లేదు. కోడలు కంగారుపడి మంత్రగాణ్ణి పిలవనా అని అడిగింది. "అక్కర్లేదు, ఏడుస్తున్నది నేనే" అని చెప్పిందట. నీ దగ్గరే నేర్చుకుంది.

ఒక్క మాట నా తరఫున. ఆ రోజు ముసలావిడ కోసం ఏడ్చింది నేను. ఆవిడ నాకు తల దువ్వేది. ఇన్నేళ్ళకి చెప్పగలిగాను, నీకు రాయగలిగాను. నా అక్షరాలు చూసి వెక్కిరించకు.

మీ కుర్చీ ఆవిడని అడుగు, వచ్చే గురువారం ఖాళీ ఉందేమో. నా తరఫున కాదు, పొరుగావిడ అడగమంది. ఆవిడకి ముటారే దారి తెలియదు, పెద్దావిడ, ఒక్కత్తినీ ఎలా పంపను? తోడు నేనూ వస్తాను. కుర్చీలు చాలవేమోనని మీ కుర్చీ ఆవిడని హైరానా పడొద్దని చెప్పు. మా ఇద్దరికీ ఒక్కటి చాలు.

నీ అత్త,
ఎస్నాత్